లోపలి గొళ్ళెం

మా కార్యాలయంలో అందరికన్నా పెద్ద అధికారి ఒక ఎర్ర బల్బు.

అది సంక్షేమాధికారి విఠల్‌రావు గారి గది గుమ్మం పైన ఉంటుంది. స్విచ్చి లోపల, ఆయన బల్ల కింద. బల్బు వెలిగిందంటే సార్ తీరిక లేకుండా ఉన్నారని అర్థం. అప్పుడు తలుపు తట్టకూడదు, దగ్గకూడదు, చెప్పులు ఈడ్చుకుంటూ నడవకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఈ సంగతి నేర్చుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిందీ, సర్కారు కొలువు చూసిందీ మొదట నేనే. అందుకని నాకు చెప్పిన ప్రతి నియమాన్నీ, చెప్పినవాళ్ళకన్నా ఎక్కువగా నమ్ముతాను.

ఆ గుమ్మం ముందు స్టూలు మీద లచ్చవ్వ కూర్చుంటుంది. ఆమె అసలు ఉద్యోగం ఆయా. అటెండరు పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి స్టూలు కూడా ఆమెదే. ఒకరోజు బల్బు వెలుగుతుండగా లోపల బెల్లు మోగింది. లచ్చవ్వ పరుగెత్తి తలుపు తీసింది. సార్ బనియను మీద, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నారు. బెల్లు మోగించింది ఆయన మడమ.

ఆ సాయంత్రం మమ్మల్నందరినీ నిలబెట్టి సార్ ఉపదేశం చేశారు. "ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపు బెల్లు మోగినా, భూమి కంపించినా, చివరికి స్వయంగా నేనే వచ్చి ఆదేశించినా, ఈ తలుపు తెరవబడరాదు. ఇది మౌఖిక ఉత్తర్వుగా పరిగణించాలి. అర్థమైందా లచ్చవ్వా?"

"అయింది సార్."

మిగతావాళ్ళ సంగతి చెప్పలేను గానీ, లచ్చవ్వకు నిజంగానే అర్థమైంది.

మాది దివ్యాంగుల సమగ్ర వికాస నివాసం. ఉద్యోగాలు చేసుకునే వికలాంగులు ఉండటానికి కట్టిన భవనం. ఎడమ వైపు మగవాళ్ళు, కుడి వైపు ఆడవాళ్ళు, నడుమ మా కార్యాలయం. ఈ నివాసానికి ఇప్పటికి చాలాసార్లు పేరు మారింది. మారినప్పుడల్లా బోర్డు మారింది గానీ మెట్లు మారలేదు. సిమెంటుతో కట్టిన రాంపు ఒక్కటే ఉంది, అది సార్ గదికి ఉంది. తనిఖీకి వచ్చే పెద్దలు తిన్నగా సార్ గదికే వస్తారు కాబట్టి, రాంపు అక్కడ ఉంటేనే వాళ్ళ కంట పడుతుందని ఇంజనీరు గారి అభిప్రాయం. మిగతాచోట్ల చెక్క పలకలు వేసుకుంటారు.

ఈ నివాసంలోనే ఉండే స్వరూపక్క, కనకరాజు సార్ పెళ్ళి చేసుకున్నారు. స్వరూపక్క మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో నడుము కింది భాగం పనిచేయదు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. కనకరాజు సార్ సర్కారు బడిలో సోషల్ పాఠాలు చెబుతారు. ఆయనకు చూపు లేదు. వరండాలో ఎన్ని కుర్చీలు పోతున్నా, స్వరూపక్క కుర్చీ చప్పుడు వినగానే ఆయన ముఖం అటు తిరిగేది. మా అందరికీ తెలుసు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయిన రోజు నివాసమంతా పాయసం తాగింది. విఠల్‌రావు సార్ కూడా తాగారు.

బయట ఇల్లు దొరకలేదు. దొరికినవన్నీ మేడ మీదివి. కింద ఖాళీగా ఉన్న ఒక ఇంటాయన, "మీ ఇద్దరికీ ఏమన్నయితే మాకు పరేషాను" అన్నాడట. చివరికి మా పాత స్టోరు గదిని ఖాళీ చేసి ఆలుమగలకు ఇచ్చాం. అంతవరకూ అంతా బాగానే ఉంది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు ఇద్దరూ సార్ దగ్గరికి వచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, మా తలుపుకు లోపలి దిక్కు గొళ్ళెం లేదు," అంది స్వరూపక్క. "ఒకటి పెట్టియ్యాలె."

"నివాసితుల భద్రతా నియమావళి ప్రకారం గదులకు లోపలి గొళ్ళెం ఉండరాదమ్మా. ఏ క్షణంలో ఏ అవసరం కలిగినా సిబ్బంది లోపలికి ప్రవేశించగలగాలి. లచ్చవ్వ గంటకోసారి వచ్చి చూసి వెళ్ళేది మీ క్షేమం కోసమే."

"అదే సార్ బాధ."

"బాధా? గొళ్ళెం దేనికమ్మా మీకు?"

సార్‌కు ఇద్దరు పిల్లలు. అయినా నిజంగానే అడిగారు.

కనకరాజు సార్ గొంతు సవరించుకున్నారు. "సార్, మాకు పెళ్ళయింది."

"అవును. పాయసం తాగాను కదా."

"పెళ్ళయినోళ్ళకు తలుపు మూసుకునే పని ఉంటది సార్," అంది స్వరూపక్క. "మీకందరికీ సులువుగ అయిపోతది. నాకు కుర్చీల నుంచి మంచం మీదికి పోవుడే ఒక పని. కాళ్ళు సర్దుకోవాలె, దిండు పెట్టుకోవాలె. గిదంతా అయ్యి ఇగ ఇద్దరం ఒకరి దిక్కు ఒకరం తిరిగినమో లేదో, లచ్చవ్వ వచ్చి లైటేస్తది."

"లైటుతోని నాకైతే తేడా లేదు సార్," అన్నారు కనకరాజు సార్. "కానీ లచ్చవ్వ 'అయ్యో' అంటది. అది వినవడతది."

విఠల్‌రావు గారి చెవులు ఎర్రబడ్డాయి. పేపర్ వెయిట్‌ను అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"మీబోటి వారికి... అంటే... ఇటువంటి... ఆ దిశగా శాఖాపరమైన మార్గదర్శకాలు ఏవీ లేవు."

"మార్గం మాకు తెల్సు సార్," అంది స్వరూపక్క. "మాకు కావల్సింది గొళ్ళెం."

"పోనీ, గొళ్ళెం వద్దు సార్," అన్నారు కనకరాజు సార్. "మీ గుమ్మం మీద బల్బు ఉంటదంట గదా, అటువంటిది మాకొకటి పెట్టియ్యుండ్రి."

సార్ కుర్చీలోంచి లేచారు. అంత కోపం నేనెన్నడూ చూడలేదు. "ఎర్ర బల్బు గెజిటెడ్ హోదా! అది ఎవరికి పడితే వారికి వెలగదు!"

ఆ మధ్యాహ్నమే పై అధికారిణి, డైరెక్టర్ హైమావతి గారికి లేఖ పంపాం. ఎవరూ నొచ్చుకోకుండా ఉండటానికి సార్ "గొళ్ళెం" అన్నమాటే రాయలేదు. "వివాహిత నివాసితుల వ్యక్తిగత సాన్నిహిత్య ఆవశ్యకతలు" అని రాశారు. కొట్టివేస్తారని సార్ ధీమా.

అదే మా కొంప ముంచింది. ఆ వారమే డైరెక్టర్ మేడమ్ ఎక్కడో ఒక పెద్ద హోటల్లో, వికలాంగుల సాన్నిహిత్య హక్కుల మీద సదస్సుకు వెళ్ళి వచ్చారు. అక్కడ ఇచ్చిన గుడ్డ సంచీ ఇంకా ఆవిడ భుజానే ఉందట. మా లేఖ చూసి ఆవిడ స్వయంగా ఫోన్ చేశారు.

"విఠల్‌రావ్ గారూ, అద్భుతం! సాన్నిహిత్యాన్ని మనం మిషన్ మోడ్‌లో తీసుకుపోవాలి. మీ నివాసాన్ని పైలట్ ప్రాజెక్టుగా ఎంపిక చేస్తున్నాను. కమిటీ వేయండి, నోడల్ అధికారిని పెట్టండి, ప్రగతి చూపించండి!"

"చిత్తం మేడమ్. అయితే వాళ్ళు అడిగింది కేవలం ఒక..."

"చిన్నగా ఆలోచించకండి!"

నోడల్ అధికారిగా, అంటే ఈ పథకం మొత్తానికి జవాబుదారీగా, నన్ను వేశారు. మా అమ్మకు ఫోన్ చేసి పెద్ద హోదా వచ్చిందని చెప్పాను. అమ్మ సంతోషంతో వాడకట్టంతా చెప్పింది. "దేనికి ఆఫీసర్‌వు బిడ్డా?" అని మళ్ళీ ఫోన్ చేసింది, వాళ్ళంతా అడుగుతున్నారట. లైన్ సరిగ్గా లేదని పెట్టేశాను.

కమిటీలో విఠల్‌రావు గారు అధ్యక్షులు, ఇంజనీరు గారు సభ్యులు. వైద్య నిపుణులుగా పళ్ళ డాక్టరు గారు వచ్చారు, ఆరోజు డ్యూటీలో ఉన్నది ఆయనే. మత్స్యశాఖ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఎందుకంటే ప్రతి కమిటీలోనూ ఇతర శాఖ సభ్యుడొకరు ఉండాలి, చెరువులు ఎండి ఆయనకు తీరిక దొరికింది. ఆలుమగలను ఎదురుగా కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టారు.

"మీ సాన్నిహిత్యంలో మీరు ఎదుర్కొంటున్న ప్రధాన అవరోధం ఏమిటి?" అని పళ్ళ డాక్టరు గారు అడిగారు.

"మీరే సార్," అంది స్వరూపక్క.

"అమ్మా, సహకరించాలి."

"సరే సార్. మీ ఇంట్ల మీ పడకగది తలుపుకు లోపల గొళ్ళెం ఉన్నదా?"

పళ్ళ డాక్టరు గారు ఇంజనీరు గారి వైపు చూశారు. ఇంజనీరు గారు మత్స్యశాఖ వైపు చూశారు.

"ఉంది," అన్నారు మత్స్యశాఖ వారు, ఆయన సూటి మనిషి.

"దేనికి సార్?"

"పిల్లి వస్తుందమ్మా."

"మాకు లచ్చవ్వ వస్తది," అంది స్వరూపక్క.

ఈ సంభాషణను నేను "ఫలప్రదమైన చర్చ" అని రాసుకున్నాను. అలా రాయమన్నారు.

సాన్నిహిత్యం ఇకనుంచి పని దినాలలో, పని వేళలలో, సిబ్బంది అందుబాటులో ఉన్నప్పుడు జరగాలని కమిటీ తీర్మానించింది. తీవ్ర వైకల్యం గల నివాసితులను ఒంటరిగా వదలరాదన్న నిబంధనను గౌరవిస్తూ, లచ్చవ్వ ఆ గదిలోనే గోడ వైపు తిరిగి కూర్చోవాలి. ఇంజనీరు గారు మంచం పక్కన ప్రమాద గంట పెట్టమన్నారు. మత్స్యశాఖ వారు గదిలో గాలి బాగా ఆడాలని సూచించారు. అది మాత్రం పనికొచ్చింది.

మొదటి సాన్నిహిత్య వేళకు నేను బయట వరండాలో నిలబడ్డాను. నోడల్ అధికారి నిలబడాలి. లోపల్నుంచి లచ్చవ్వ గొంతు వినిపించింది.

"నేను చూస్తలేను బిడ్డా. మీరు కానియ్యుండ్రి."

కాసేపటికి మళ్ళీ లచ్చవ్వే.

"గోడకు సున్నం ఊడుతున్నది సూశిన్రా? మా అల్లునికి చెప్తే మంచిగ ఏస్తడు. ఆడు తాగకుంటే పనోడే."

"అట్లనా అవ్వా," అన్నారు కనకరాజు సార్ నీరసంగా.

ఆ తర్వాత అల్లుడి కథ చాలాసేపు సాగింది. అల్లుడి తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి లచ్చవ్వకు దుఃఖం ఆగలేదు. ముగ్గురూ బయటికి వచ్చినప్పుడు స్వరూపక్క ఆమె వీపు నిమురుతూ ఉంది. కనకరాజు సార్ చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది.

"చిన్నసారూ," అంది లచ్చవ్వ నాతో, ముక్కు తుడుచుకుంటూ. "నాకే సిగ్గయితున్నది. నా మొగుడు ఉన్నప్పుడు గింతమంది కావలి లేరు మాకు."

ఆ నెల వీడియో కాన్ఫరెన్సులో డైరెక్టర్ మేడమ్ ముఖం గంభీరంగా ఉంది.

"సాన్నిహిత్య సూచికలో మీ జిల్లా అట్టడుగున ఉంది విఠల్‌రావ్ గారూ."

"మేడమ్, ఈ పథకం ఉన్నది మా జిల్లాలో ఒక్కచోటే."

"అదే నేను అంటున్నది! ఉన్నదే ఒక్క జిల్లా అయినప్పుడు కూడా అట్టడుగున ఉండటం ఎంత సిగ్గుచేటు!"

సార్ చెమట తుడుచుకున్నారు. మేడమ్ కారణాన్ని కూడా ఆవిడే కనిపెట్టారు. గది ఆధునికంగా లేదు. దాన్ని రాష్ట్రంలోనే తొలి ఆదర్శ సాన్నిహిత్య గదిగా తీర్చిదిద్దాలి. పూర్తిగా అవరోధ రహితంగా ఉండాలి. ప్రారంభోత్సవానికి ఆవిడే స్వయంగా వస్తారు.

ఆధునికీకరణ జరిగినన్నాళ్ళు స్వరూపక్కను తిరిగి ఆడవాళ్ళ విభాగానికీ, కనకరాజు సార్‌ను మగవాళ్ళ విభాగానికీ పంపాం. నడుమ మా కార్యాలయం. భోజనాల దగ్గర మాత్రం కలుసుకునేవారు. ఆయన పప్పు గిన్నె కోసం వెతుకుతున్నట్టు చెయ్యి చాపేవారు, ఆమె ఆ చెయ్యి అందుకునేది. పప్పు గిన్నె ఎప్పుడూ ఆయనకు రెండో పక్కనే ఉండేది.

ఇంజనీరు గారు చాలా శ్రద్ధగా పనిచేశారు. గది లోపలా బయటా కొలిచి, అవరోధాలన్నీ ఒక్కొక్కటిగా తీయించారు. గడప తీశారు. అలమర తీశారు. పని పూర్తయిందని పిలిస్తే వెళ్ళి చూశాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని కాసేపు ఆలోచించి, అడిగాను.

"సార్, తలుపేది?"

"తీసేశాం," అన్నారు ఇంజనీరు గారు గర్వంగా. "ఆలోచించు. చక్రాల కుర్చీకైనా, చూపు లేనివారికైనా అన్నిటికన్నా పెద్ద అవరోధం ఏది? తలుపే! తోయాలి, లాగాలి, తడుముకోవాలి. ఇప్పుడు చూడు, స్వేచ్ఛగా రావచ్చు, పోవచ్చు."

తలుపు ఉండే చోట సన్నటి తెర కట్టారు. దాని మీద శాఖ చిహ్నం ఉంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే షామియానా వేశారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద డైరెక్టర్ మేడమ్ నిలువెత్తున ఉన్నారు, మూలన ఆలుమగలు పాస్‌పోర్టు ఫోటో అంత ఉన్నారు. కింద "వీరి సాన్నిహిత్యం – మన బాధ్యత" అని రాసి ఉంది. స్వరూపక్క ఆ ఫ్లెక్సీని చూస్తూ ఉండిపోయింది. కనకరాజు సార్ పక్కనే నిలబడి, "ఏమున్నది అందుల?" అని అడిగారు.

"ఏం లేదులే. మనిద్దరం నవ్వుతున్నం," అంది.

నన్ను చూసి కుర్చీ ఇటు తిప్పింది.

"రాజేశం తమ్మీ, ఇయ్యాల్టి నుంచి మేం ఆ గదిల ఉండొచ్చా?"

నేను అబద్ధం చెప్పలేదు. "ఉండలేరక్కా. అది ఆదర్శ గది. మిగతా జిల్లాల అధికారులు చూడ్డానికి వస్తుంటారు. దుప్పటి నలగకూడదని ఉత్తర్వు. మీరు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి."

ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. కాసేపటికి మామూలు గొంతుతో అడిగింది.

"సార్ గదికి రాంపు ఉన్నది గదా?"

"ఉందక్కా."

"లోపల గొళ్ళెం?"

"ఉంది. ఇత్తడిది."

"బల్బు స్విచ్చి యాడుంటది?"

"బల్ల కింద, కుడి చేతి వైపు."

లబ్ధిదారులు కోరిన సమాచారం జాప్యం లేకుండా ఇవ్వాలని మా కార్యాలయం గోడ మీద రాసి ఉంది. నేను రోజూ దాని కిందే కూర్చుంటాను.

డైరెక్టర్ మేడమ్ వచ్చారు. తలుపు లేని గుమ్మానికి రిబ్బను కట్టి ఉంది. అది కత్తిరించారు. అందరం లోపలికి వెళ్ళి ఖాళీ మంచాన్ని చూసి చప్పట్లు కొట్టాం. మేడమ్ మంచం మీద చెయ్యి వేసి మెత్తగా ఉందన్నారు. ప్రమాద గంట మోగించి చూశారు. అది బాగా మోగింది. ఆ తర్వాత షామియానాలో ఉపన్యాసం మొదలైంది.

"సాన్నిహిత్యం అనేది కేవలం ఒక అనుభూతి కాదు. అది ఒక ఫలితం. ఫలితాన్ని మనం కొలవగలగాలి. ఇప్పుడు, ఈ పథకం తొలి లబ్ధిదారులైన ఆదర్శ దంపతులను వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఎవరూ రాలేదు. మళ్ళీ ఆహ్వానించారు. మళ్ళీ చప్పట్లు, ఈసారి పలచగా. విఠల్‌రావు గారు నా వైపు చూశారు. నేను ఆడవాళ్ళ విభాగం చూశాను, మగవాళ్ళ విభాగం చూశాను, వంటగది చూశాను. తర్వాత కార్యాలయంలోకి వచ్చి ఆగిపోయాను.

సార్ గది తలుపు మూసి ఉంది. గుమ్మం పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. కింద స్టూలు మీద లచ్చవ్వ కూర్చుని ఉంది.

నా వెనకే విఠల్‌రావు గారు, ఆయన వెనకే మేడమ్, మేడమ్ వెనకే కమిటీ వచ్చారు.

"లచ్చవ్వా! లోపల ఎవరు?"

"సార్ బిజీగ ఉన్నరు," అంది లచ్చవ్వ.

"ఏ సార్? సార్‌ను నేను! ఇక్కడున్నాను!"

"బల్బు ఎలుగుతున్నది సార్."

"నేను చెబుతున్నాను. తలుపు తీయించు!"

లచ్చవ్వ ఆయన్ని జాలిగా చూసింది. "మీరే అచ్చి చెప్పినా తీయద్దని మీరే చెప్పిన్రు సార్. నోటి ఉత్తర్వు అన్నరు. ఇంకొక ఉత్తర్వు ఇయ్యాల్నంటే గా గదిలనే లోపల కూసుండి ఇస్తరు గదా మీరు."

కార్యాలయ విధానం ప్రకారం ఆమె చెప్పింది సరైనదే.

అప్పుడు డైరెక్టర్ మేడమ్ ముందుకొచ్చారు. ఆవిడ ఈ శాఖలో గుమాస్తాగా చేరి ఇంతవరకూ వచ్చారు. ఎన్ని గుమ్మాల ముందు, ఎన్ని ఎర్ర బల్బుల కింద నిలబడి ఉంటారో! తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తారు. కళ్ళు పైకి వెళ్ళాయి. బల్బు వెలుగు ఆవిడ ముఖం మీద ఎర్రగా పడింది.

ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"బిజీగా ఉన్నట్టున్నారు," అన్నారు ఆవిడ, గొంతు తగ్గించి.

"అలాగే ఉంది మేడమ్," అని గుసగుసగా అన్నారు విఠల్‌రావు గారు.

పళ్ళ డాక్టరు గారికి దగ్గు వచ్చింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వరండా చివరికి వెళ్ళి దగ్గి వచ్చారు. మత్స్యశాఖ వారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. లోపల్నుంచి ఒక్కసారి నవ్వు వినిపించింది. ఇద్దరిదీ. మేమందరం ఒకేసారి ఒక అడుగు వెనక్కి జరిగాం.

షామియానాలో భోజనాలు పెట్టించాం. అందరూ మెల్లగా మాట్లాడుకుంటూ తిన్నారు. పెరుగన్నంలోకి వచ్చాక బల్బు ఆరిందని కబురు వచ్చింది, అందరం లేచి సార్ గది ముందుకు వచ్చాం.

గొళ్ళెం తీసిన చప్పుడైంది. ముందు స్వరూపక్క కుర్చీ వచ్చింది, దాని వెనక పిడి పట్టుకుని కనకరాజు సార్ వచ్చారు. ఆయన చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టి ఉన్నాయి. ఆమె జడ కొత్తగా అల్లి ఉంది, అల్లింది ఆయనే అయి ఉండాలి, ఒక పక్కకు పోయింది. రాంపు మీంచి కుర్చీ హాయిగా జారుతూ దిగింది. ఆ రాంపు ఎక్కినవాళ్ళు అనుకున్నది సాధించుకుని దిగడం నేను చూడటం అదే మొదలు.

ఎదురుగా ఇంతమంది అధికారులం, చేతులు కడుక్కోకుండా నిలబడి ఉన్నాం. స్వరూపక్క విఠల్‌రావు గారి ముందు కుర్చీ ఆపింది.

"సార్, మీ గొళ్ళెం జర బిగుసుకున్నది. నూనె ఏపియ్యుండ్రి," అంది.

"రేపు కూడా ఒస్తం," అన్నారు కనకరాజు సార్ మర్యాదగా.

ఆ ఒక్కమాటతో సర్కారు కదిలింది. విఠల్‌రావు గారు అప్పటికప్పుడు కారు పంపి వడ్రంగిని పిలిపించారు. కమిటీ లేదు, తీర్మానం లేదు. పాత తలుపు వెతికి తెచ్చి పాత స్టోరు గదికి బిగించారు. లోపలి వైపు గొళ్ళెం పెట్టారు. డైరెక్టర్ మేడమ్ పోతూ పోతూ, పథకం లక్ష్యం నెరవేరిందని విలేకరులకు చెప్పారు. ఆ విషయంలో ఆవిడతో విభేదించలేను.

పొద్దుగూకే వేళకు ఇద్దరూ సామాను తెచ్చుకున్నారు. నోడల్ అధికారిగా నేను వరండాలో నిలబడి ఉన్నాను. లచ్చవ్వ కూడా అలవాటుగా వచ్చింది. తలుపు మూసుకుంది. లోపల ఆయన గొళ్ళెం కోసం తడుముకుంటున్న చప్పుడు, "ఇంక జర పైకి" అని ఆమె గొంతు, తర్వాత టక్కున ఇనుము ఇనుములో పడ్డ చప్పుడు.

"ఇగ మనకేం పని చిన్నసారూ?" అంది లచ్చవ్వ.

నాకు పెట్టిన హోదాలో చేయాల్సింది ఒక్కటే మిగిలింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అక్కణ్ణించి వెళ్ళిపోయాను.